నిప్పు ఎక్కడ ఆగింది

ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది క్యాంపులో చదువుకున్న ఒకాయన చేత ఇంగ్లిషులో రాయించాను. రెండోది నేనే హిందీలో రాశాను. మూడోది మళ్లీ ఇంగ్లిషులో రాయించి, ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం కూడా తీసుకున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. చేస్తాం అనలేదు, చేయం అనలేదు. తిట్టినా బాగుండేది, చదివారని తెలిసేది. నాకు జరిగిన అవమానాలను నేను మర్చిపోను. ఎవరు ఏ రోజు ఏ మాటన్నారో, అప్పుడు వాళ్ల చేతిలో చాయ్ ఉందో లేదో కూడా చెప్పగలను. కానీ ఆ ఉత్తరాలు నాకోసం రాసినవి కావు. ఒక మనిషి గురించి రాసినవి. ఆయనను మీరు చూడలేదు, ఇక చూడలేరు. అందుకే ఈసారి తెలుగులో, ఆఫీసులో తెలుగు వచ్చిన మీకు రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం ఇక్కడ బహ్రేన్‌లో, హిద్‌లోని మా షెడ్డు వెనుక, ఒక తుపాకి గొట్టంలోకి వేడినీళ్లు పోశాను. కాలిన మందు మీద నీళ్లు పడగానే మురిగిన కోడిగుడ్డు వాసన లేచింది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని దూరం పోతారు. నేను పోను. ఆ వాసనలో నాకు ఖాదర్ చాచా కనబడతాడు. మోకాళ్ల మీద గోనెపట్టా పరుచుకుని, దాని మీద తుపాకిని పడుకోబెట్టుకుని, చెవి దగ్గరగా పెట్టి ఘోడా, అదే దెబ్బ కొట్టే సుత్తి, ఎత్తి దించుతూ ఉంటాడు.

మా షెడ్డు సంగతి ముందు చెప్పాలి. ఇక్కడి పెద్దిళ్ల పెళ్లిళ్లలో, పండగల్లో, మగవాళ్లు వరుసగా నిలబడి కత్తులు, తుపాకులు పట్టుకుని డప్పు దెబ్బకు ఆడతారు. ఆ తుపాకులు చూడటానికి తాతల కాలంనాటివి, నిజానికి కొత్తగా అచ్చు అలాగే చేసినవి. గుండు ఉండదు, మందు మాత్రమే. పాట ఒక చోటికి రాగానే అన్నీ ఒక్కసారిగా పేలాలి. మందు గది తాళం, మందు కొలవడం, నింపడం అన్నీ లైసెన్సున్న ఒక బహ్రేనీ పెద్దాయన పని. తుపాకులను కడగడం, బాగుచేయడం మా పని. మా అంటే ఖాదర్ చాచాది. నేను తర్వాత వచ్చాను.

చాచాది నిర్మల్. అక్కడ కుట్టుమిషన్లు, తాళాలు బాగుచేసేవాడు. బహ్రేన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఊళ్లోవాళ్లకు ఆయన "దుబాయి ఖాదర్". నాది ఆర్మూర్ పక్కన పల్లె. ముప్పై ఆరేళ్ల వయసులో, పైపుల పనిలో నడుము దెబ్బతిని, బరువు లేని పని కావాలని నాలుగుసార్లు దరఖాస్తు పెడితే, నా పోరు పడలేక నన్ను ఆ షెడ్డుకు తోలారు.

మొదటి రోజే చాచా అన్నాడు, "నర్సయ్యా, ఆ డబ్బాల నిప్పల్ ఉన్నది, తే." నేను నాలుగేళ్లు పైపులు బిగించినవాణ్ని. అరంగుళం పైపు నిప్పల్ వెతికి తెచ్చి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఒకసారి చూశాడు, నన్ను ఒకసారి చూశాడు.

"అరె, దీంతోని నల్లా పెడదమా తుపాకికి?"

తర్వాత చూపించాడు. వడ్లగింజంత ఉక్కుముక్క, దాని నడుమ సూది దూరేంత రంధ్రం. దాని మీద రాగితో చేసిన చిన్న టోపీ పెడతారు. ఘోడా వచ్చి టోపీని కొడితే అందులో నిప్పు పుట్టి, ఆ రంధ్రంలోంచి లోపలి మందుకు అందుతుంది. అంతే యంత్రం. "టోపీ పెట్టినవా?" అని ఆయన అడిగితే, నాకు ఆ మాట పడలేదు. నన్ను ఇక్కడికి పంపిన ఏజెంటు పెట్టిన టోపీ ఇంకా నా తలమీదే ఉన్నట్టుండేది.

"ఆ మాటనకు చాచా. నాకు కోపమొస్తది."

"నీకు ఏజెంటు పెట్టిండు, నాకు అల్లుడు పెట్టిండు. దీనికి మనం పెడుతున్నం. గిదొక్కటే న్యాయంగ పేలుతది" అని నవ్వాడు. నేను నవ్వలేదు. సాయంత్రం క్యాంపుకు పోతూ బస్సులో నవ్వాను.

ఆయన పని నేర్పిన తీరు ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. తుపాకి పేలకపోతే అందరూ తుపాకిని తిట్టేవాళ్లు. సూపర్‌వైజర్ అయితే "నకిలీ మాల్" అనేవాడు. చాచా ఒక్కటే అడిగేవాడు. "నిప్పు ఎక్కడ ఆగింది?" ఘోడా కొట్టిందా? టోపీ పేలిందా? పేలితే నిప్పు రంధ్రం దాటిందా? దాటితే మందు తడిసిందా? ఒక్కొక్క గడపా అడుగుతూ పోవాలి. నడుమ గడప దూకితే తప్పు దొరకదని ఆయన నమ్మకం.

ఒక తుపాకి ఎప్పుడూ మొదటి దెబ్బకు పేలేది కాదు, రెండో దెబ్బకు పేలేది. స్ప్రింగు మెత్తబడిందన్నాను నేను. చాచా కాదన్నాడు. "స్ప్రింగు మెత్తదైతే రెండోసారి గూడ మెత్తగనే ఉంటది గద? మొదటి దెబ్బ ఏడికి పోతున్నదో చూడు." నిప్పల్ కొన కొంచెం లావుగా ఉంది. టోపీ కిందిదాకా కూర్చోవడం లేదు. మొదటి దెబ్బ టోపీని కూర్చోబెడుతోంది, రెండోది పేలుస్తోంది. సన్నటి రాయితో కొనను రెండు మూడు సార్లు తిప్పి రుద్దాడు. ఆ తర్వాత అది ఎప్పుడూ మొరాయించలేదు. "మొదటి దెబ్బ ఎన్నడూ వట్టిగ పోదు నర్సయ్యా. ఏదో ఒక పని చేస్తది. ఏం చేసిందో మనకు తెల్వాలె."

ఇంకొకటి. మందు నింపిన తుపాకి పేలకపోతే వెంటనే ముట్టుకోకూడదు. లోపల నిప్పు కణం నిద్రపోతూ ఉండవచ్చు, ఆలస్యంగా లేవవచ్చు. గొట్టాన్ని మనిషి లేని వైపు, ఇసుక వైపు తిప్పి, అలాగే పట్టుకుని ఆగాలి. ఎంతసేపు? చాచా దగ్గర గడియారం లెక్క లేదు. నిర్మల్ నుంచి ఆర్మూర్‌కు పోయే బస్సు ఉంది. కండక్టరు గొంతుతో, ఒక్కొక్క స్టేజీ దగ్గర బస్సు ఆగి మనుషులు దిగి ఎక్కేంత సేపు ఇచ్చి, నిదానంగా పిలిచేవాడు. "నిర్మల్... సోన్... ముప్కాల్... బాల్కొండ... పెర్కిట్..." చివర "ఆర్మూర్ వచ్చింది, దిగుండ్రి" అన్నాకే మందు పెద్దాయనను పిలిచి, మందు తీయించి, తుపాకి విప్పేవాడు. నేను తొందరపడితే మళ్లీ నిర్మల్ నుంచి మొదలుపెట్టేవాడు. నాకు ఓపిక లేదని ఆయనకు తెలుసు. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద కావాలనే ఇంకా మెల్లగా పోనిచ్చేవాడు.

నా కోపాల గురించి కూడా ఆయనదే మాట. ఒకసారి ఆటవాళ్లందరినీ ఫోటో తీస్తుంటే, తుపాకుల పెట్టె పక్కన మేమిద్దరం నిలబడి ఉన్నాం. సూపర్‌వైజర్ అటునుంచి "సామాన్ హటావ్" అని అరిచాడు. పెట్టెను అన్నాడో మమ్మల్ని అన్నాడో తేల్చుకోలేక వారం రోజులు రగిలాను. నాలుగు పేజీల ఫిర్యాదు రాసి చాచాకు చదివి వినిపించాను. అందులో ఫోటో సంగతి ఉంది, మెస్‌లో పప్పు సంగతి ఉంది, రెండేళ్ల కింద నాకివ్వని బూట్ల సంగతీ ఉంది.

ఆయన చివరిదాకా విన్నాడు. "పెట్టెను జరుపుమన్నడు. నువ్వెందుకు జరిగినవ్?"

"నన్నే అన్నడు చాచా."

"సరే, నిన్నే అన్నడు. మరి గీ పప్పు ఎవరినన్నది?" చిరునవ్వుతో కాగితాలు మడిచి ఇచ్చాడు. "నీది దరఖాస్తు గాదు నర్సయ్యా, టోపీ చప్పుడు. టప్ మంటది, లోపలి మందుకు నిప్పు అందది. ఒక్క మాట రాయి. ఏడ తప్పైందో అదొక్కటే రాయి. రాసి, ఆర్మూర్ దాక ఆగు."

అది నాకు నచ్చలేదు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత నేను రాసిన ఏ కాగితమూ ఒక పేజీ దాటలేదు.

ఇక చెప్పాల్సింది దసరా సంగతి.

పనిముట్లకు పూజ చేయడం మా ఇంట్లో తాతల నుంచి ఉంది. నాగలి, గొడ్డలి, పైపుల రెంచి, ఏది అన్నం పెడితే దానికి. షెడ్డులో నాకు అది మూడో దసరా. అంతకు ముందు రెండుసార్లు నా స్క్రూడ్రైవర్లకు, ఆకురాళ్లకు మాత్రమే చేసుకున్నాను. ఆ ఏడు అన్నం పెడుతున్నది తుపాకులే కదా అనిపించింది. పొద్దున చాచా లేడు. చక్కెర జబ్బు ఉన్నందుకు కళ్లు చూపించుకోవడానికి సల్మానియా ఆస్పత్రికి పోయాడు. ఎనిమిది తుపాకులనూ వరుసగా గోడకు ఆనించాను. నువ్వుల నూనె తుడిచాను. ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు నూనెలో కలిపి, కుంకుమతో బొట్లు పెట్టాను. ఎక్కడ పెట్టానంటే, ప్రాణం ఎక్కడుంటుందో అక్కడే. ఘోడా కింద, నిప్పల్ మీద. అగరుబత్తి వెలిగించలేదు, మందు గది దూరంగానే ఉన్నా. అంత బుద్ధి ఉంది. మిగతా బుద్ధి లేదు. దండం పెట్టుకున్నాక, ఎవరైనా చూస్తే నవ్వుతారని గుడ్డతో గట్టిగా తుడిచేశాను. పైన ఉన్నది పోయింది. రంధ్రంలోకి దిగింది లోపలే ఉండిపోయింది.

మధ్యాహ్నం చాచా నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. కళ్లలో మందు చుక్కలు వేశారట, సాయంత్రం దాకా అంతా మసక మసకగా ఉంటుందట. "చూపు మంచిగున్నదన్నరు, ఫికర్ లేదు" అన్నాడు. ఆ సాయంత్రమే ఒక పెద్దింటి పెళ్లి. ఆయనకు ఒక నియమం ఉండేది. పోయే ముందు ప్రతి ఖాళీ తుపాకికి ఒక టోపీ పెట్టి కొట్టాలి. గొట్టం ముందు వేలాడదీసిన పేపరు ముక్క కదిలితే నిప్పుదారి తెరిచి ఉన్నట్టు. అది ఎప్పుడూ తన కళ్లతో చూసేవాడు. ఆ రోజు నన్ను అడిగాడు.

"అన్ని చూసినవా నర్సయ్యా? కాయితం కదిలిందా?"

"చూసిన చాచా."

అబద్ధం కాదు. ముందు రోజు చూశాను, అన్నీ కదిలాయి. కానీ పూజయ్యాక చూడలేదు. ఎందుకంటే పూజ చేసిన రోజు పనిముట్టును కొట్టకూడదు, అది సెలవు. ఆడేవాళ్లు కొట్టుకుంటే అది వాళ్ల సంగతి, నా చేత్తో కొట్టకూడదు. నా లెక్క అది. ఇంత మాట ఆయనకు చెప్పకుండా "చూసిన" అని ఒక్క మాటతో సరిపెట్టాను.

పెళ్లిలో పాట ఆ చోటికి వచ్చింది. ఎనిమిది తుపాకులు ఆకాశం వైపు లేచాయి. మూడు పేలాయి. ఐదు టప్‌మని ఊరుకున్నాయి. పెళ్లికి వచ్చినవాళ్లలో ఎవరో నవ్వారు. పెద్ద నవ్వు కాదు, పక్కవాళ్లకు మాత్రమే వినబడేది. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన తన తుపాకిని గొట్టం పైకే ఉంచి తెచ్చి, చాచా చేతుల్లో పెట్టి పోయాడు. దానికంటే ఆ నవ్వే నయం.

చాచా ఐదింటినీ ఒక్కొక్కటిగా ఇసుక దిబ్బ వైపు తిప్పి చెక్క ఆసరా మీద పెట్టించాడు. పక్కన నిలబడ్డాడు. "నిర్మల్... సోన్..."

తొందరగా విప్పమంటూ సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. "క్యా కర్ రహే హో? యల్లా, జల్దీ ఖోలో!"

"ముప్కాల్... బాల్కొండ..." చాచా అటు తిరిగి కూడా చూడలేదు. అంతమంది ముందు, అంత పరువు పోతున్న వేళ, ఆ మనిషి బస్సును ఒక్క స్టేజీ కూడా దూకించలేదు. ఆయనంత గట్టి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

బహ్రేనీ పెద్దాయన మందు తీశాక చాచా మొదటిదాని నిప్పల్ విప్పాడు. సన్నటి ఇత్తడి తీగ లోపలికి పోనిచ్చి తీశాడు. కొనకు జిగటగా ఏదో అంటుకుంది. కళ్లు మసక కదా, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆగాడు. నా వైపు తిరగకుండానే మెల్లగా అన్నాడు.

"ఆర్మూర్ వచ్చింది."

మా ఆర్మూర్ పసుపు వాసన ఆయనకు తెలుసు. ప్రతి ఏడూ సెలవు నుంచి వస్తూ నేనే ఆయనకు ఒక పొట్లం తెచ్చేవాణ్ని. తీగను జేబు గుడ్డతో శుభ్రంగా తుడిచి, గుడ్డను లోపల పెట్టుకున్నాడు. సూపర్‌వైజర్ ఏమైందని అడిగితే, "మేరీ గల్తీ హై సాబ్. మైనే చెక్ నహీ కియా" అని తప్పు తన మీద వేసుకున్నాడు. నేను పేలిన మూడు తుపాకులను పెట్టెలో సర్దుతూ ఉండిపోయాను. కూరలో ఉప్పు తక్కువైతే నాలుగు పేజీలు రాసేవాణ్ని నేను.

మూడు రోజులు ఊరుకున్నాను. ఈలోగా ఆఫీసులో కాగితం తయారైంది. కళ్ల ఆస్పత్రికి పోయాడని వాళ్లకు తెలుసు కనుక వాళ్లకు కారణం దొరికింది. "చూపు సరిగా లేక, అజాగ్రత్త వల్ల" అని రాశారు. చాచా కాంట్రాక్టు మళ్లీ రాయలేదు, ఇంటికి పొమ్మన్నారు. నాలుగో రోజు చాచా ఊరికి తీసుకుపోయే సామాన్ కొనడానికి జింజ్ షాపులకు పోతుంటే నేనూ వెంటపడ్డాను. మనవరాలికి గౌను ఎంచుతున్నాడు. ఆ షాపులోనే అడిగాను.

"నేనని ఎందుకు చెప్పలే చాచా?"

"చెప్తే ఏమంటరు?" గౌను కుట్టు లాగి చూస్తూనే ఉన్నాడు. "తప్పైందని అననే అనరు. పసుపంటరు, కుంకుమంటరు, నీ పూజంటరు. నలుగురు గూడి నవ్వుతరు. మాట నీ దేవుని మీదికి పోతది. నా కండ్ల మీదికి పోతే పోనీ. నా కండ్లు నాకెర్కే గద."

"నేను పోయి చెప్త."

"చెప్పు. వద్దంటనా? కని ఒక్క పేజీల చెప్పు." గౌను నా వైపు పట్టుకున్నాడు. "గీ రంగు మంచిగున్నదా? నాకు కనబడదంట, నువ్వే చూసి చెప్పు." నవ్వుతున్నాడు. పసుపురంగు గౌను అది.

ఆ సాయంత్రమే సూపర్‌వైజర్‌కు నోటితో చెప్పాను. "ఖలాస్, హో గయా" అన్నాడు, అయిపోయిన సంగతి వదిలేయమన్నట్టు. చాచా విమానం ఎక్కిన వారం మొదటి ఉత్తరం ఇచ్చాను.

రెండో ఉత్తరం ఎందుకు రాశానంటే, తర్వాతి ఏడు సెలవులో నిర్మల్ పోయాను. ఇక్కడి మాటలు ఆయనకంటే ముందే ఊరు చేరాయి. దుబాయిలో ఖాదర్ కళ్లు పోయాయట అని. నేను అరుగు మీద కూర్చుని ఉండగానే ఒకావిడ వచ్చి, బాగుచేయమని ఇచ్చిన కుట్టుమిషన్ తిరిగి ఇమ్మంది. "వేరే తాన ఇస్త చాచా, నీకెందుకు తక్లీఫ్" అంది మర్యాదగానే. చాచా సరేనన్నాడు. మిషన్ ఆమె ముందుకు జరిపే ముందు దారపు కొన తీసుకుని, తడి కూడా చేయకుండా, ఒక్కసారిలో సూదిలోకి ఎక్కించాడు. "అయిపోయింది బిడ్డా, తీస్కపో." ఆమె సూది వైపు చూసింది. అయినా తీసుకుపోయింది.

పోయిన వానాకాలం ఆయన చనిపోయాడు. మనవరాలు ఫోనులో చెప్పింది. ఆయన పెట్టెలో పాస్‌పోర్టుతో పాటు ఆఫీసు ఇచ్చిన ఆ కాగితమూ ఉందట, ఒక ఇత్తడి తీగ ఉందట. తీగ నాకు పంపమని చెప్పి పోయాడు. వచ్చింది. కాగితం మాత్రం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది, దాని అసలు ప్రతి మీ ఆఫీసు ఫైలులో ఉంది. అప్పుడు మూడో ఉత్తరం రాశాను.

ఆ తీగ ఇప్పుడు నా చొక్కా జేబులో ఉంటుంది. ప్రతి తుపాకికీ పేపరు ముక్క కదిలేదాకా నా కళ్లతో చూస్తాను, దసరా నాడైనా సరే. పూజ మానలేదు. బొట్టు ఇప్పుడు తుపాకి వెనుక కట్టె మీద పెడతాను. మొన్న నన్ను పిలిచి, షెడ్డు బాధ్యత నీదే, ఈ ఫైలులో ఖాదర్ పేరు కింద సంతకం పెట్టు అన్నారు. పేరు కింద ఆ వాక్యం ఉంది. పెట్టనన్నాను. ఎందుకని అడగలేదు. అదీ గుర్తుంచుకున్నాను.

ఆఫీసులో తెలుగు చదివేవాళ్లు మీ ఇద్దరే అని నాకు తెలుసు. ఇది సూపర్‌వైజర్‌కు చదివి వినిపించండి, ఆయన పైవాళ్లకు కూడా. నేను అడిగేది ఒక్కటే. ఖాదర్ పేరు కింద ఉన్న ఆ వాక్యం కొట్టేయండి. తప్పు నర్సయ్యది అని రాయండి. దాని వల్ల నా పని పోతే పోనీ. దిద్దిన ఆ కాగితం నిర్మల్‌కు, ఆ ఇంటికి పంపండి. కుదరదంటే, మూడు ఉత్తరాలలో నిప్పు ఎక్కడ ఆగిందో చెప్పండి. బల్ల మీదనా, సొరుగులోనా, ఏ మనిషి దగ్గర?

నేను తొందరపడలేదు. నిర్మల్ దగ్గర ఎక్కాను. సోన్, ముప్కాల్, బాల్కొండ, పెర్కిట్, ప్రతి చోటా ఆగాను. ఆర్మూర్ వచ్చి చాలా కాలమైంది. జవాబు చెప్పండి.